వడియాల ఎండ

2020 అక్టోబర్ 30, శుక్రవారం. పొద్దున లేచి కిటికీ తెర పక్కకి లాగితే వీధంతా తెల్లగా ఉంది. మాకు మంచు కొత్త కాదు గానీ అక్టోబర్‌లో మంచు కొత్తే. చెట్ల మీద ఎర్రాకులు ఇంకా రాలనే లేదు. వాటి మీద మంచు పేరుకుని కొమ్మలన్నీ కిందికి వాలిపోయాయి. ఎదురింటివాళ్ళు హాలోవీన్‌కని మెట్ల మీద పేర్చుకున్న గుమ్మడికాయలకి తలా ఒక తెల్లటోపీ. బోస్టన్‌లో 4.3 అంగుళాలు పడిందని, లెక్కలు రాయడం మొదలుపెట్టాక అక్టోబర్ నెలలో ఇంత మంచు ఎప్పుడూ లేదని వార్తల్లో చెప్పారు. మేముండేది మసాచుసెట్స్‌లోనే, బోస్టన్‌కి పడమరగా ముప్పై మైళ్ళ లోపలికి. మా వైపు ఇంకాస్త ఎక్కువే పడింది.

అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని, మా ఆయన పాత కోటు చీర మీదే తొడుక్కుని వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"స్వాతి కార్తె కూడా పోలేదు కదే, అప్పుడే ఇదేమిటి?" అంది.

అమ్మ ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చింది, ఆరు నెలలుండి ఆగస్టులో వెళ్ళిపోదామని. మార్చికల్లా విమానాలు ఆగిపోయాయి. తర్వాత వందే భారత్ విమానాలు మొదలయ్యాయి గానీ, అరవై ఆరేళ్ళ మనిషిని మాస్కు కట్టి అంతదూరం ఒక్కదాన్నే పంపడానికి నాకు ధైర్యం చాల్లేదు. వీసా గడువు పొడిగించమని దరఖాస్తు పెట్టాం. అమ్మ ఏమీ అనలేదు. అయితే రోజూ పొద్దున్నే విజయవాడలో ఎవరో ఒకరికి ఫోన్ చేసి, "మా కరివేపాకు చెట్టుకి నీళ్ళు పోస్తున్నారా?" అని మాత్రం అడిగేది.

ఇక్కడ వేసవిలో కుండీల్లో గోంగూర వేసుకుంది. జులై, ఆగస్టు నెలల్లో బ్రహ్మాండంగా వచ్చింది. మా వీధిలో ఉన్న నలుగురు తెలుగువాళ్ళకీ పంచిపెట్టింది. అక్టోబర్‌లో ఒక రాత్రి చలి బాగా దిగింది. పొద్దున చూస్తే మొక్కలన్నీ వేడినీళ్ళు పోసినట్టు నల్లబడి, మెత్తబడి వేలాడుతున్నాయి. అమ్మ ఒక్కొక్క కుండీ ముట్టుకుని చూసింది. ఆ రోజు భోజనం సరిగ్గా చెయ్యలేదు. దాని మీద ఈ మంచు.

సరిగ్గా వారం తిరగకుండానే ఎండ కాసింది.

ఎండంటే ఏదో కాస్త వెచ్చదనం కాదు. నవంబర్ 5 నుంచో 6 నుంచో గుర్తులేదు గానీ, దాదాపు వారం రోజులు మధ్యాహ్నానికి 70 డిగ్రీలు దాటేది. మన లెక్కలో 21, 22. విజయవాడలో ఆ అంకె చెబితే దుప్పటి కప్పుకుంటారు. ఇక్కడ జనం నిక్కర్లు వేసుకుని రోడ్డెక్కారు. మంచు ఎటు పోయిందో తెలీదు. రాలినవి రాలగా మిగిలిన ఆకులు ఎండలో రాగిచెంబుల్లా మెరుస్తున్నాయి. గాలి లేదు. దూరంగా కొండల మీద పల్చటి పొగలాంటిది ఆవరించుకుని ఉంది.

"వీళ్ళ దేవుడికి ఏమైనా మతిపోయిందా?" అంది అమ్మ. కాసేపాగి తనే చెప్పింది, "అధికమాసం వచ్చిందిగా ఈ ఏడు. నెల వెనక్కి జరిగింది. ఇంకా ఆశ్వయుజమే మరి. చెట్లకి తెలుసు, మీకే తెలీదు."

నిజంగానే శార్వరిలో అధిక ఆశ్వయుజం వచ్చింది. దసరా అక్టోబర్ ఆఖరివారానికి, దీపావళి నవంబర్ 14కి జరిగాయి. మసాచుసెట్స్ చెట్లకి అధికమాసం తెలుసో లేదో గానీ, ఆ వారానికి అమ్మ చెప్పిన కారణమే నాకు ఎక్కువ నచ్చింది.

ఆ ఎండకి ఇక్కడ ఒక పేరుంది. అది నేను మొదటిసారి విన్నది 2006లో, వచ్చిన కొత్తలో. అప్పుడు అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. చలికి భయపడి స్వెట్టర్లు కొనుక్కున్నాక, నవంబర్‌లో ఒకరోజు హఠాత్తుగా వెచ్చబడింది. పక్కింటి పెద్దాయన ఒకరు ఆకులు ఊడుస్తూ నన్ను చూసి నవ్వి, "ఇండియన్ సమ్మర్ వచ్చింది, అనుభవించు" అన్నాడు. నేను ఇండియా నుంచి వచ్చానని మర్యాదకి అన్నాడనుకున్నాను. నేనూ మర్యాదగా, "లేదండీ, మా దగ్గర సమ్మర్ ఇలా ఉండదు, 45 డిగ్రీలు పోతుంది, రోడ్ల మీద తారు కరుగుతుంది" అని వివరంగా చెప్పాను. ఆయన చీపురు ఆపి అంతా విన్నాడు. పాపం మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆ మాటకి మన దేశంతో సంబంధమే లేదని ఆఫీసులో తెలిసేసరికి నాకు రెండు రోజులు పట్టింది.

తర్వాత సొంత ఇల్లు కొనుక్కున్నాం. ఇప్పటి మా పక్కింటాయన వేరు. 2020కి ఆయనకి ఎనభై దాటాయి. అమ్మ ఆయన్ని 'తాతగారు' అనేది. తొమ్మిదేళ్ళ మా అబ్బాయి వాళ్ళిద్దరి మధ్య దుబాసీ.

శుక్రవారం ఎండ చూసి అమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. "గుమ్మడి వడియాలు పెడదాం."

నేను వద్దన్నాను. సూర్యుడు నాలుగున్నరకల్లా కూకిపోతాడు, అంతకు ముందు ఆదివారమే గడియారాలు గంట వెనక్కి తిప్పాం, ఎక్కడ ఎండుతాయి అన్నాను. "బియ్యప్పిండి వడియాలకి మండుటెండ కావాలి గానీ గుమ్మడి వడియాలకి చలికాలం ఎండే మంచిదే. పొడిగా ఉంటుంది, గాలి ఆడుతుంది" అంది. ఇండియన్ స్టోర్‌కి ఫోన్ చేస్తే బూడిద గుమ్మడికాయ ఉందన్నారు. మా ఆయన వెళ్ళి తెచ్చారు. అల్లుడుగారితో అలాంటి పనులు చెప్పడం అమ్మకి మొహమాటం. కానీ ఆ రోజు మాత్రం గుమ్మం దాకా వెళ్ళి, "బాబూ, ముదురుకాయ చూసి తెండి" అని మరీ చెప్పింది.

సాయంత్రం ముక్కలు సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ కలిపి పాత లుంగీ గుడ్డలో మూటకట్టాం. రాత్రంతా బరువు కింద పెడితే నీరు దిగిపోవాలి. ఇంట్లో అయితే మూట మీద రుబ్బురోలు పొత్రం పెట్టేవాళ్ళు. ఇక్కడ పొత్రం లేదు. అమ్మ ఇల్లంతా వెతికి ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా తెచ్చి పెట్టింది. పొద్దునకి సింక్ నిండా నీరు. ఆ ముక్కల్ని గట్టిగా రుబ్బిన మినప్పిండిలో, పచ్చిమిర్చి, జీలకర్ర, ఇంగువతో కలిపింది. పిండిలో చుక్క నీరు ఎక్కువైతే వడియం నూనె తాగుతుంది. అందుకని మిక్సీ దగ్గర నన్ను నిలబడనివ్వలేదు.

శనివారం పొద్దున డెక్ మీద తడిపిన పంచె పరిచి, గుప్పిట్లోంచి చిన్న చిన్న ముద్దలు వరసగా పెట్టింది. నేను లోపల టీవీ దగ్గర ఉన్నాను. సరిగ్గా ఆ రోజే, నవంబర్ 7న, ఎన్నికల ఫలితం ప్రకటించారు. రోడ్డు మీద కార్ల హారన్లు మోగుతున్నాయి. అమ్మ లోపలికి తొంగిచూసి, "ఎవరు గెలిచారు?" అంది. చెప్పాను. "సరే, ఆ గొడుగు ఇలా ఇవ్వు" అంది. నల్లగొడుగు తెరిచి వడియాల పక్కన పెట్టింది, కాకులు రాకుండా. కాకులు రాలేదు గానీ ఉడతలొచ్చాయి. ఇక్కడి ఉడతలు మన ఉడతల్లా చారలేసుకుని ముద్దుగా ఉండవు, పిల్లి పిల్లంత ఉంటాయి. ఒకటి రెండు వడియాలు పట్టుకుపోయి, పచ్చిమిర్చి తగిలిందేమో, కంచె మీద కూర్చుని ముక్కు రుద్దుకుంది. ఆ తర్వాత ఇక రాలేదు.

నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుండేది ఆ పంచెని అమ్మ జరుపుకుంటూ పోవడం. నవంబర్ మొదటివారంలో మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో మూడోవంతు ఎత్తుకే వస్తాడు. నడినెత్తి మీదికి రానే రాడు. అన్ని నీడలూ పొడుగ్గా పడతాయి. ఇంటి నీడ, చెట్టు నీడ, రెయిలింగ్ నీడ ఒకదాని తర్వాత ఒకటి పంచె మీదికి వచ్చేవి. అమ్మ అరగంటకోసారి నాలుగు మూలలూ పట్టించి పంచెని ఎండలోకి జరిపేది. మా అబ్బాయికి ఆన్‌లైన్ స్కూల్. సోమవారం నుంచి వాడు పాఠం మధ్యలో లేచి వచ్చి ఒక మూల పట్టుకుని జరిపి, మళ్ళీ పాఠానికి వెళ్ళేవాడు.

"అమ్మమ్మా, దీన్ని ఇండియన్ సమ్మర్ అంటారు" అన్నాడు వాడు.

"మన పేరెందుకు పెట్టుకున్నారు?" అంది అమ్మ.

వాడికి తెలీదు. కంచె అవతల తాతగారు మాస్కుతో నిలబడి మా పంచె వైపే చూస్తున్నాడు. వాణ్ణి అడగమంది. ఆయన చెప్పినదాన్ని మావాడు తెలుగులోకి తిప్పిందేమిటంటే: మన ఇండియా కాదు, ఇక్కడి పాత ఇండియన్స్, ముందు మొక్కలు చచ్చేంత చలి పడాలి, ఆ తర్వాత ఎండ వస్తేనే దానికి ఆ పేరు, అక్టోబర్‌లో ఊరికే వెచ్చగా ఉంటే అది లెక్కలోకి రాదు. "కొత్తవాళ్ళందరూ ఎప్పుడు పడితే అప్పుడు వాడేస్తారు" అని ఆయనకి చిరాకు కూడాను.

అమ్మకి ఈ షరతు తెగ నచ్చేసింది. గోంగూర కుండీల వైపు చెయ్యి చూపించి, "మాది చచ్చిందని చెప్పు" అంది.

ఆయన లోపలికి వెళ్ళి ఒక పసుప్పచ్చ అట్ట పుస్తకం తెచ్చాడు, ఓల్డ్ ఫార్మర్స్ అల్మనాక్. 1792లో రాబర్ట్ థామస్ అనే ఆయన మొదలుపెట్టాడు. అప్పట్నుంచీ ఏటేటా వస్తూనే ఉంది. సూర్యోదయాలు, చంద్రుడి కళలు, ఎప్పుడు విత్తాలి, ఎప్పుడు కొయ్యాలి, వాన ఎప్పుడు అన్నీ ఉంటాయి. మేకుకి తగిలించుకోవడానికి మూలన ఒక బెజ్జం వేసే అమ్ముతారు. అమ్మ ఆ బెజ్జంలో వేలు పెట్టి చూసి, "పంచాంగమే!" అంది. ఎంత సంతోషమో. తొమ్మిది నెలల తర్వాత ఈ దేశంలో తెలిసిన మనిషి కనపడ్డట్టు. ఇందులో ఒక సామెత ఉందని ఆయన చెప్పాడు. నవంబర్ 1, ఆల్ సెయింట్స్ పండక్కి చలి బయటికొస్తే, సెయింట్ మార్టిన్ పండక్కి ఇండియన్ సమ్మర్ బయటికొస్తుందట. మార్టిన్ పండగ నవంబర్ 11న. ఈ పుస్తకం లెక్కన అసలు గడువు 11 నుంచి 20 దాకా. కాబట్టి ఇప్పుడు కాస్తున్న ఎండ అయిదు రోజులు ముందుగా వచ్చిందని, పుస్తకాన్ని బట్టి దీన్ని ఒప్పుకోకూడదని నవ్వుతూనే అన్నాడు.

"మాకూ ఉన్నాయిలే సామెతలు" అని అమ్మ మొదలుపెట్టింది. "ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప." దాన్ని ఇంగ్లీషులోకి తిప్పలేక మావాడు నా వైపు చూశాడు. విశాఖ కార్తె వచ్చిందే ఆ వారం. కొంప విడవడం గురించి అమ్మ ఎందుకు అందో నాకు అర్థమైంది. వానల కోసం మాత్రం కాదు.

ఇండియన్ అన్న ముక్క అక్కడెలా చేరిందన్నది ఎవరూ తేల్చలేదు. ఈ పేరు రాతలో కనిపించే పాత చోటు 1778 నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలో సేద్యం చేసుకుంటూ రాసిన క్రెవ్‌కూర్ అనే ఫ్రెంచాయన, వానల తర్వాత ప్రశాంతంగా, వెచ్చగా, అంతటా పొగపొగగా ఉండే రోజుల్ని అలా పిలుస్తారని రాశాడు. 1902లో బోస్టన్‌కి చెందిన ఆల్బర్ట్ మాథ్యూస్ ఈ ఒక్క మాట వెంటపడి, దొరికిన పాత రాతలన్నీ పోగేశాడు. స్థానిక తెగలవాళ్ళు వేటకి వెళ్ళే రోజులని కొందరు, గడ్డి తగలబెట్టిన పొగ వల్లనని కొందరు, చలి వచ్చిందని వలసవాళ్ళు ఊపిరి పీల్చుకున్నాక మళ్ళీ దాడులు జరిగే రోజులని కొందరు. ఏదీ రుజువు కాలేదు. 1492లో కొలంబస్ దారితప్పి వచ్చి ఇదే ఇండియా అనుకోవడం వల్ల వాళ్ళకీ మనకీ ఒకే పేరు అంటుకుంది, ఇప్పటికీ వదల్లేదు. మా రాష్ట్రం పేరే మసాచుసెట్ అనే తెగది. అమెరికన్ మెటియోరలాజికల్ సొసైటీ సరిగ్గా ఆ 2020లోనే తన పదకోశంలో ఆ పాతపేరు పక్కనపెట్టి 'సెకండ్ సమ్మర్' అని రాసుకుంది. మంచిదే చేశారనుకుంటాను. కాకపోతే ఆ కొత్తమాటలో పొగా లేదు, చలీ లేదు. పేరు పెట్టినట్టు లేదు, నంబర్ వేసినట్టుంది.

సోమవారం వీడియో కాల్‌లో ఉన్నాను. నా వెనక గాజు తలుపులోంచి అమ్మ వంగి వడియాలు తిరగేయడం కనపడుతోంది. మా టీమ్‌లో టర్కీ ఆవిడ ఒకామె ఉంది. మీటింగ్ అయిపోయాక ఆగి, మీ అమ్మగారు ఏం చేస్తున్నారని అడిగింది. చెప్పాను. ఆవిడ ఒక్కసారిగా నవ్వేసి, "మా దగ్గర ఈ ఎండ పేరే అది. పాస్తిర్మా యాజు" అంది. పాస్తిర్మా అంటే ఎండబెట్టిన మాంసం, యాజు అంటే వేసవి. మాంసాన్ని ఉప్పులో ఊరేసి, బరువు కింద నొక్కి నీరు తీసేసి, మెంతిపిండి, వెల్లుల్లి, ఎర్రకారం ముద్ద పట్టించి గాలికి ఆరబెడతారట. కైసరి అనే ఊరు దానికి పేరుపడ్డది. నవంబర్‌లో వచ్చే ఈ నాలుగు వెచ్చటిరోజులే దానికి అదనట. అంతకు ముందైతే ఎండకి పాడవుతుంది, ఆ తర్వాతైతే ఎండదు.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. బరువు కింద నొక్కి నీరు తీయడం! మా సోనా మసూరి బస్తా!

అమ్మకి చెప్పాను. గొడ్డుమాంసమని మాత్రం చెప్పలేదు, 'ఏదో మాంసం' అన్నాను. "రామ రామ" అంది. కాసేపటికి వంటింట్లోంచి, "మెంతిపిండి ఎంత వేస్తారటే?" అని వినపడింది.

ఆ రాత్రి ఒక్కొక్క దేశంవాళ్ళు దీన్నేమంటారో చూస్తూ కూర్చున్నాను. రష్యాలో 'బాబ్యె లేతో', ఆడవాళ్ళ వేసవి. జపాన్‌లో 'కొహరు', చిన్న వసంతం. అది వాళ్ళ పాత పంచాంగంలో పదోనెల పేరు. మాకు దగ్గర్లో హడ్సన్ అనే ఊళ్ళో పోర్చుగీసువాళ్ళు ఎక్కువ. వాళ్ళకిది సెయింట్ మార్టిన్ వేసవి. చలిలో వణుకుతున్న బిచ్చగాడికి మార్టిన్ అనే రోమన్ సైనికుడు తన పైబట్ట సగం కోసిచ్చాడట, వెంటనే ఎండ కాసిందట. ఆ పండక్కి చెస్ట్‌నట్ కాయలు కాల్చుకుని కొత్త వైన్ తాగుతారు. చైనావాళ్ళ 'శరత్కాలపు పులి' వేరే సంగతి. అది వెచ్చదనం కాదు, తిరిగొచ్చి పీక పట్టుకునే వేడి. మన అక్టోబర్ ఎండలకి సరిపోయే పేరు అదే. నైరుతి వెనక్కి తగ్గి మబ్బులు పోయాక, నేలలో ఇంకా తడి ఉండగానే ఎండ మొదలవుతుంది చూడండి, హైదరాబాద్ పేపర్లు 'అక్టోబర్ హీట్' అని రాస్తాయే, అది. మా ఇంట్లో దానికి పేరేం లేదు. 'ఉక్క' అనేవాళ్ళం, అంతే.

జర్మన్లది 'ఆల్ట్‌వైబర్‌జొమర్'. ముసలమ్మల వేసవి. ఈ రోజుల్లో గాలిలో తేలే సన్నటి సాలెపోగులు ముసలివాళ్ళ తెల్లవెంట్రుకల్లా ఉంటాయని కొందరంటారు, నేయడం అనే అర్థమున్న పాతమాట అందులో ఉందని కొందరంటారు. ఆ పేరు మమ్మల్ని అవమానిస్తోందని ఒక పెద్దావిడ వాతావరణశాఖ మీద కేసు వేసింది. 1989లో డార్మ్‌స్టాట్ కోర్టు అందులో తప్పేమీ లేదని తీర్పిచ్చింది. ఇది చదివి అమ్మకి చెబితే పడీపడీ నవ్వింది. మర్నాడు పొద్దున డెక్ రెయిలింగ్‌కి నిజంగానే సాలెపోగులు వేలాడుతున్నాయి, మంచుబొట్లతో. "ఇదుగోనే, నా జుట్టు" అని పిలిచి చూపించింది.

నవ్వుతూనే ఉంది గానీ ఆ వారమంతా అమ్మకి లోపల ఒక గుబులు. సాయంత్రాలు వడియాలు లోపల పెట్టాక డెక్ మీదే నిలబడి తూర్పువైపు చూసేది. మంగళవారం అడిగాను.

"ఈ నెలలో గాలి ఇంత కదలకుండా ఉంటే నాకు పడదు" అంది.

అమ్మ పుట్టిల్లు దివిసీమలో, మోపిదేవికి దగ్గర. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి ఇరవై మూడేళ్ళు. పుట్టింట్లోనే ఉంది. కార్తీకమాసం, వరి కంకి మీద ఉంది. దాని గురించి మాకు ఎప్పుడూ పెద్దగా చెప్పలేదు. వేలమంది పోయిన రాత్రి గురించి అమ్మ చెప్పే మాటలు రెండే: పశువుల కట్లు విప్పలేకపోయాం, పొద్దున్న నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. నవంబర్ వస్తే రేడియోలో, టీవీలో అల్పపీడనం అన్న మాట కోసం చెవులు రిక్కించడం అమ్మకి అప్పట్నుంచీ అలవాటు.

ఇక్కడ అలాంటిదేం లేదమ్మా అని మా ఆయన ఫోన్‌లో వాతావరణ పటం తెరిచి చూపించారు. తూర్పు తీరం మీద పెద్ద అధికపీడనం కూర్చుని ఉంది. బరువుగా గాలి పైనుంచి కిందికి దిగుతుంది, అందుకే మబ్బు పుట్టదు, గాలి కదలదు, దాని పడమటి అంచు పట్టుకుని దక్షిణం నుంచి వెచ్చటి గాలి ఎక్కొస్తుంది, మబ్బు లేదు కాబట్టి రాత్రికి మళ్ళీ చల్లబడుతుంది అని ఆయన వివరించారు. అమ్మ శ్రద్ధగా విని, "అల్పపీడనం తెలుసు. అధికపీడనం కూడా ఒకటి ఉంటుందా బాబూ?" అంది. అరవై ఆరేళ్ళకి మొదటిసారి విన్నదట. పీడనం ఎక్కువైతే మంచిదన్న సంగతి మాత్రం అమ్మ చివరిదాకా పూర్తిగా నమ్మలేదు.

బుధవారం నవంబర్ 11తో ఆ ఎండ అయిపోయింది. తాతగారి పుస్తకం ప్రకారం మొదలవ్వాల్సిన రోజున. పంచె వెనక నీళ్ళు చిలకరించి వడియాలు ఒలిచాం. ఇంకా లోపల కాస్త పచ్చి ఉంటే ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా ఉంచాం. ఇది అమ్మకి పెద్ద ఓటమి, ఎవరికీ చెప్పొద్దంది, ఇన్నాళ్ళకి చెబుతున్నాను. శనివారం దీపావళికి పప్పుచారులోకి వేయించాం. ఒక డబ్బా తాతగారికి పంపితే, ఆయన వేయించాలని తెలీక అలాగే కొరికి, పన్ను కదిలిందని చెప్పాడు. మర్నాడు వేయించినవి పంపాను. దానికి బదులుగా ఆ ఏడాది అల్మనాక్ అమ్మకిచ్చేశాడు, కొత్తది తన దగ్గరికి వచ్చేసిందని.

2021 ఫిబ్రవరిలో అమ్మ వెళ్ళిపోయింది. ఆరు నెలలకని వచ్చి సరిగ్గా ఏడాదికి. ఆ పుస్తకం ఇప్పుడు విజయవాడలో దేవుడి అలమర పక్క మేకుకి, గంటల పంచాంగంతో పాటు వేలాడుతోంది. అమ్మ ఆ ఎండకి ఇండియన్ సమ్మర్ అని ఎప్పుడూ అనలేదు. ఏటా అక్టోబర్ చివర్లో ఫోన్ చేసి, "మీ వడియాల ఎండ వచ్చిందా?" అని అడుగుతుంది. మా ఇంట్లో అదే పేరు స్థిరపడిపోయింది. మావాడు ఒకసారి స్కూల్లో కూడా అదే రాసి, టీచర్‌కి అర్థం చెప్పుకోవాల్సి వచ్చింది.

తాతగారు ఇల్లమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. 2024లో సెప్టెంబర్, అక్టోబర్ నెలలు ఇక్కడ దాదాపు వాన చుక్కే లేదు. హాలోవీన్ రోజు బోస్టన్‌లో 80 డిగ్రీల దాకా వెళ్ళింది. పిల్లలు వేషాల మీద కోట్లు లేకుండానే తిరిగారు. రాలిన ఆకులు అప్పడాల్లా ఎండి, రాష్ట్రమంతా వందల చోట్ల అడవులు అంటుకున్నాయి. మా ఊరికి మంట రాలేదు గానీ పొగ వచ్చింది. సాయంత్రమైతే కొండలు కనపడేవి కావు. అందరూ ఇండియన్ సమ్మర్, ఇండియన్ సమ్మర్ అంటున్నారు. నేను బూడిద గుమ్మడికాయ కొనుక్కొచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"వడియాలు పెడదామనుకుంటున్నానమ్మా. ఎండ బ్రహ్మాండంగా ఉంది."

"మంచు పడిందా?"

"లేదు."

"పోనీ మొక్కలు చచ్చేంత చలైనా వచ్చిందా?"

డెక్ మీది కుండీల వైపు చూశాను. "గోంగూర ఇంకా పచ్చగానే ఉందమ్మా."

"అయితే అది వడియాల ఎండ కాదు. తాతగారు చెప్పలా? ఆగు. కాయ ఎక్కడికీ పోదు. ముందు ఆ గోంగూర కోసి పచ్చడి చేసుకో."

కోశాను. ఆకుని మూడుసార్లు కడిగినా పొగ వాసన పోలేదు.